ఫిలాసఫీ సొసైటీ మొదటి మీటింగ్‌కి నలభై మంది, నాలుగోదానికి ఆరుగురు: ఏం చేయాలి?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. మీది రాష్ట్ర యూనివర్సిటీ, ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ లేదు. ఎంఏ తెలుగు, ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఎంటెక్, లా వాళ్ళు కొందరు కలిసి ఈ సెమిస్టర్ మొదట్లో ఫిలాసఫీ సొసైటీ పెట్టారు. ప్రారంభ సభకి 40 మంది వచ్చారు. తర్వాత రెండు గెస్ట్ లెక్చర్లు పెట్టారు. నాలుగోసారి వక్త దొరక్క ‘ఓపెన్ డిస్కషన్’ అన్నారు, ఆరుగురు వచ్చారు. ఇంకా పెద్ద పేరున్న వక్తల్ని పిలవాలా, టాపిక్‌లు తేలిక చేయాలా, డిపార్ట్‌మెంటే లేకుండా ఇది నడుస్తుందా, వచ్చినవాళ్ళకి సర్టిఫికెట్ ఇస్తే నిలబడతారా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఆ ఆరుగురే మీ సొసైటీ. ఈ సెమిస్టర్‌కి వక్తల్ని పిలవడం ఆపేయండి. వారం విడిచి వారం, ఒకే రోజు, ఒకే గది, ఒకే టైం పెట్టుకోండి. నాలుగు పేజీలు మించని పాఠ్యం, ఏడు నిమిషాల ప్రారంభం, గంట చర్చ. చర్చ నడపడానికి ఒకరు, రాసుకోవడానికి ఒకరు. ఈ పద్ధతిలో నాలుగు మీటింగ్‌లు నడిపితే ఆరుగురు పదిమందవుతారు. పదిమందికి మించి పెరగకపోయినా కంగారు పడకండి, కారణం కింద చెప్తాను. డిపార్ట్‌మెంట్ లేకపోవడం పెద్ద లోటేం కాదు, కొన్ని విషయాల్లో మేలు కూడా.

ఇప్పుడు వివరంగా.

ప్రారంభ సభకి వచ్చిన నలభై మందిని లెక్కలోంచి తీసేయండి. అలాంటి సభకి వచ్చేవాళ్ళలో కొందరు మీ రూమ్మేట్లు, కొందరు ‘దేవుడున్నాడా లేడా’ తేల్చుకుందామని వచ్చినవాళ్ళు, కొందరు సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళు, మిగతావాళ్ళు టీ, సమోసా ఉన్నాయని తెలిసి వచ్చినవాళ్ళు. వీళ్ళెవరినీ తప్పుపట్టక్కర్లేదు. రెండోసారి రావడానికి మీరు వాళ్ళకి కారణం ఇవ్వలేదు, అంతే.

లెక్చర్‌లో వినేవాడు చేసే పని ఏమీ లేదు. మన దగ్గర సభ అనగానే జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద ఏడు కుర్చీలు, ఒక్కొక్కరినీ పిలిచి పుష్పగుచ్ఛం, వక్త గురించి పావుగంట పరిచయం, ఉపన్యాసం యాభై నిమిషాలు, ‘సమయాభావం వల్ల రెండే ప్రశ్నలు’, శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ. రెండు గంటల కార్యక్రమంలో విద్యార్థి నోరు తెరిచేది ఆ రెండు ప్రశ్నల దగ్గరే. అవి కూడా ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఆ ఇద్దరే అడుగుతారు. అలాంటివి రెండు చూసినవాడికి, ఆ రోజు ప్రశ్న ఏమిటో కూడా లేకుండా ‘ఓపెన్ డిస్కషన్’ అని పోస్టర్ పెడితే ఎందుకొస్తాడు?

పదిమంది చాలు అనడానికి కారణం కూడికలు తీసివేతలే. మీటింగ్ 75 నిమిషాలు అనుకోండి. ప్రారంభానికి 7, చివర్లో ముగింపు, వచ్చేసారి పాఠ్యం చెప్పడానికి 8. మిగిలింది 60. పన్నెండు మంది ఉంటే మనిషికి ఐదు నిమిషాలు, అంటే రెండుసార్లు నోరు విప్పి, ఒకసారి తన మాట తానే దిద్దుకునే వ్యవధి. పాతికమంది ఉంటే రెండున్నర నిమిషాలు కూడా రావు. అప్పుడు నలుగురు మాట్లాడతారు, ఇరవై ఒక్కమంది ఫోన్లు చూసుకుంటారు. అందుకని నిజంగానే పదిహేను దాటితే సంతోషించి ఊరుకోవద్దు, రెండు గుంపులుగా విడగొట్టండి. అదే పాఠ్యం, అదే టైం, పక్క గది, చర్చ నడిపే ఇంకో మనిషి.

ఏడు నిమిషాలు అన్న సంఖ్య నేను కల్పించింది కాదు. కేంబ్రిడ్జిలో మోరల్ సైన్సెస్ క్లబ్ అని 1878 నుంచి నడుస్తున్న ఫిలాసఫీ సంఘం ఉంది. పేపర్ చదవడం చర్చ మొదలుపెట్టడానికే కాబట్టి, అధ్యక్షుడి ముందస్తు అనుమతి లేకుండా ఎవరి పేపరూ ఏడు నిమిషాలు దాటకూడదని 1912 నవంబరులో నియమం పెట్టుకున్నారు. దాని వెనక ఉన్నది తర్వాత పెద్ద తత్త్వవేత్తగా పేరుపడ్డ, అప్పుడు విద్యార్థిగా ఉన్న విట్‌గెన్‌స్టైన్. అదే నెలలో ‘తత్త్వశాస్త్రం అంటే ఏమిటి’ అన్న విషయం మీద ఆయన పేపర్ సుమారు నాలుగు నిమిషాల్లో ముగిసింది. విచిత్రం ఏమిటంటే, తర్వాతి రోజుల్లో అదే క్లబ్బులో ఇంకెవర్నీ మాట్లాడనివ్వడు అన్న ఫిర్యాదు కూడా ఆయన మీదే వచ్చింది. నియమం పెట్టిన మనిషికైనా గడియారం చూపించే మనిషి ఒకరు పక్కన ఉండాలన్నమాట.

ఏడు నిమిషాల ప్రారంభంలో ఏముండాలంటే: పాఠ్యంలో రచయిత ఏం నిరూపించాలనుకున్నాడో రెండు వాక్యాలు, దానికి ఆయన చూపిన కారణాలు, అందులో మీకు బలహీనంగా తోచిన మెట్టు ఒకటి. రచయిత జీవిత చరిత్ర వద్దు. ఎక్కడ పుట్టాడు, ఏ శతాబ్దం, ఎవరి శిష్యుడు అని మొదలుపెడితే ఏడు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. ప్రారంభించేవాళ్ళు తమ మాటని రాసుకుని తెచ్చి చదవాలి. చేత్తో రాస్తే రెండున్నర, మూడు పేజీలు వస్తుంది. పీపీటీ వద్దు. ప్రొజెక్టర్ కుదరక పావుగంట పోతుంది, పైగా అందరి కళ్ళూ గోడ మీద ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

ఒక మీటింగ్ ఎలా నడుస్తుందో నిజమైన పాఠ్యంతో చూపిస్తాను.

అమెరికన్ తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ 1963లో ‘అనాలిసిస్’ అనే పత్రికలో రాసిన వ్యాసం మూడంటే మూడు పేజీలు. ఒక విషయం ‘తెలుసు’ అనాలంటే మూడుండాలని చాలామంది అనుకునేవారు: అది నిజమై ఉండాలి, మనం అలా అనుకుంటూ ఉండాలి, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండాలి. ఈ మూడూ ఉండి కూడా ‘తెలుసు’ అనలేని సందర్భాలు గెటియర్ రెండు చూపిస్తాడు. మొదటిదాన్ని మన పేర్లతో చెప్తాను. రాజు, రవి ఒకే ఉద్యోగానికి వెళ్ళారు. ఉద్యోగం రవికేనని కంపెనీ పెద్దే రాజుతో చెప్పాడు. రవి జేబులో పది నాణేలున్నాయని రాజు లెక్కపెట్టి చూశాడు. ‘ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయి’ అని రాజు తేల్చుకున్నాడు. చివరికి ఉద్యోగం రాజుకే వచ్చింది. తన జేబులోనూ సరిగ్గా పది నాణేలున్నాయి, ఆ సంగతి అతనికి తెలీదు. అతను అనుకున్నది నిజమే, కారణం కూడా ఉంది. మరి అతనికి ‘తెలుసు’ అనొచ్చా?

దీనికి జోడీగా అదే కాగితం వెనక ఇంకో ఉదాహరణ వేయండి. 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడిది. మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, ఇంకా పొగ లేవలేదు. మాంసానికి మూగిన పురుగుల గుంపు నల్లగా పైకి లేచింది. దూరాన్నుంచి చూసినవాడు దాన్ని పొగనుకుని ‘అక్కడ నిప్పుంది’ అన్నాడు. నిప్పు ఉంది. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న మన సామెతని అతను పక్కాగా పాటించాడు కూడా, అయితే అతను చూసింది పొగ కాదు. గెటియర్ కంటే పన్నెండు వందల ఏళ్ళ ముందే ఇదే రకం చిక్కు మన తర్కంలో ఉందని చెప్తే తెలుగు ఎంఏ వాళ్ళూ, ఫిజిక్స్ వాళ్ళూ ఒకే వైపు వంగి కూర్చుంటారు. ‘అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయట’ అన్న ధోరణిలోకి మాత్రం పోనివ్వకండి. ధర్మోత్తరుడు అడిగిన ప్రశ్న వేరు, గెటియర్ అడిగింది వేరు. ఆ తేడా ఏమిటో పట్టుకోవడమే మంచి చర్చ.

కాగితం కింద పెద్ద అక్షరాల్లో ఒకే ఒక్క ప్రశ్న ఉండాలి: ‘వీళ్ళకి తెలుసా, లేక గుడ్డిగా తగిలిందా? తేడా ఎక్కడుంది?’ పోస్టర్ మీద కూడా ఇదే ప్రశ్న వేయండి. ‘జ్ఞాన మీమాంస: ఒక పరిచయం’ అని వేస్తే ఎవరూ రారు, నేనూ రాను.

చర్చ ఎటు పోతుందో దాదాపు ముందే చెప్పొచ్చు. మొదటి పది నిమిషాలు అందరూ ‘అదృష్టం కొద్దీ కలిసొచ్చింది, తెలిసినట్టు కాదు’ అంటారు. అప్పుడు చర్చ నడిపే మనిషి ‘అదృష్టం అంటే?’ అని అడగాలి. ఇరవయ్యో నిమిషానికల్లా ఎవరో ఒకరు ‘దారిలో ఒక అబద్ధం ఉంది: రవికి ఉద్యోగం అన్నదీ, అది పొగ అన్నదీ అబద్ధాలు. అబద్ధం మీద ఆధారపడకపోతే తెలిసినట్టే’ అంటారు. ఇది మంచి సమాధానం, గది కాస్త స్థిమితపడుతుంది. చాలా సొసైటీలు ఇక్కడే చప్పట్లు కొట్టి ఇంటికెళ్తాయి. ఇక్కడ ఇంకో ఉదాహరణ బయటికి తీయాలి. ఆల్విన్ గోల్డ్‌మన్ అనే తత్త్వవేత్త 1976లో ఉపయోగించిన ఉదాహరణకి మన వేషం వేస్తే ఇలా ఉంటుంది: ఫిల్మ్ సిటీ లాంటి చోట ఒక వీధి, ఇళ్ళన్నీ ముందు గోడ మాత్రమే ఉన్న సెట్టింగులు. మధ్యలో ఒక్కటి మాత్రం నిజమైన ఇల్లు. సెట్టింగుల సంగతి తెలియని మనిషి సరిగ్గా దాన్నే చూసి ‘అది ఇల్లు’ అన్నాడు. దారిలో ఎక్కడా అబద్ధం లేదు, కళ్ళతోనే చూశాడు. తెలుసా? ఇక్కడ గది రెండుగా చీలుతుంది. మిగతా అరగంట చర్చని మీరు నడపక్కర్లేదు, వరస తప్పకుండా చూసుకుంటే చాలు.

అన్నిటికంటే కష్టమైన పని చర్చ నడపడమే. దీనికి వక్తృత్వం అక్కర్లేదు, బాగా మాట్లాడేవాళ్ళు సాధారణంగా దీనికి పనికిరారు. నడిపే మనిషి ఆ రోజు తన అభిప్రాయం చెప్పకూడదు. చేతిలో ఒక కాగితం, చెయ్యెత్తినవాళ్ళ పేర్లు వరసగా. అప్పటిదాకా మాట్లాడనివాళ్ళు చెయ్యెత్తితే వాళ్ళ పేరు పైకి వెళ్తుంది. ఇప్పుడు నడుస్తున్న పాయింట్ మీదే ఒక్క వాక్యం చెప్పాలంటే రెండు వేళ్ళెత్తాలి, వాళ్ళకి వెంటనే అవకాశం, అరనిమిషం మించకుండా. ఈ రెండు వేళ్ళ నియమం లేకపోతే ప్రతి మాటకీ జవాబు ఆరుగురి తర్వాత వస్తుంది, అప్పటికి ప్రశ్న ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

మన పాతవాళ్ళు దీన్ని చాలా శ్రద్ధగా పట్టించుకున్నారు. న్యాయం అనే తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు: వాదం, జల్పం, వితండ. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని కూలగొట్టేది వితండ. మనం ఇవాళ ‘వితండవాదం’ అని మొండివాడి గురించి వాడుతున్నాం గానీ అసలు అర్థం అది కాదు. బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు తన విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో ‘నాకు ప్రతిజ్ఞ లేదు’, అంటే నేను నిలబెట్టే పక్షమేదీ లేదు అనే అన్నాడు, ఆయన్ని మొండివాడనలేం. కాబట్టి మీటింగ్‌లో ఎవరైనా తన పక్షం చెప్పకుండా ప్రశ్నలే వేస్తుంటే ఆపకండి, అది పనికొచ్చే పనే. ఆపాల్సింది ఛలాన్ని. దానికి పాత ఉదాహరణే బాగుంటుంది: ‘దేవదత్తుడు నవకంబళుడు’ అంటే కొత్త కంబళి కప్పుకున్నవాడని చెప్పేవాడి ఉద్దేశం. ‘తొమ్మిది కంబళ్ళా? ఒకటే కదా ఉంది’ అనేవాడిది ఛలం. ఎదుటివాడి మాటకి అతను అనుకోని అర్థం అంటగట్టి కొట్టడం. మీ చర్చల్లో జరిగే గొడవల్లో చాలా భాగం ఇవే అని రెండు మీటింగ్‌ల్లోనే తెలిసిపోతుంది. ‘అది ఛలం’ అని నవ్వుతూ అనే అలవాటు గదికి వస్తే సగం గొడవలు తగ్గుతాయి.

ఇంకో నియమం పూర్వపక్షం. ఎవరినైనా ఖండించాలంటే, ముందు వాళ్ళ వాదన మీ మాటల్లో చెప్పి, ‘అవును, నేనన్నది అదే’ అని వాళ్ళ చేత అనిపించుకోవాలి. విగ్రహవ్యావర్తనిలో డెబ్బై కారికలు, అంటే శ్లోకాలు ఉంటే మొదటి ఇరవై ప్రత్యర్థుల ఆక్షేపణలే. అంత చోటు ఇవ్వలేకపోయినా ఒక్క వాక్యం ఇవ్వగలం. ఈ నియమం వల్ల చర్చ నెమ్మదిస్తుంది. మొదటి మీటింగ్‌లో విసుగ్గా ఉంటుంది, మూడోదానికి అలవాటవుతుంది. ఆవేశంగా మొదలుపెట్టినవాడు ఎదుటివాడి వాదన చెప్పబోయి మధ్యలో ఆగి ‘ఆగండి, ఇది నేననుకున్నంత తేలిగ్గా లేదు’ అన్నాడంటే ఆ పూట గిట్టుబాటైనట్టే.

భాష విషయం. మీ ఆరుగురిలో తెలుగు మీడియం వాళ్ళుంటే ఇది చాలా ముఖ్యం. చదివేది ఇంగ్లీషులో, మాట్లాడేది తెలుగులో పెట్టుకోండి. పాఠ్యంతో పాటు తెలుగులో ఒక పేజీ సారాంశం జిరాక్స్ తీయించండి. ప్రారంభించే మనిషే దాన్ని రాయాలి. రాయడంలోనే ఆ మనిషికి పాఠ్యం అర్థమవుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు: నిఘంటువు చూసి మాటకి మాట పెట్టడం. గెటియర్ వ్యాసంలో ‘నాలెడ్జ్’ని ‘జ్ఞానం’ అని రాస్తే చర్చ ఆ క్షణమే దారి తప్పుతుంది. వాడుక తెలుగులో జ్ఞానం అంటే వివేకం, ఆత్మజ్ఞానం దాకా పోతుంది. తర్కశాస్త్రంలో అయితే తాడుని చూసి పాము అనుకోవడం కూడా జ్ఞానమే, కాకపోతే అప్రమ. సరైనదాన్ని ప్రమ అంటారు. అంటే ‘తప్పు జ్ఞానం’ అన్నది తర్కంలో మామూలు మాట, గెటియర్ అర్థంలో కుదరని మాట. ‘బిలీఫ్’ని ‘నమ్మకం’ అంటే ఇంకా ప్రమాదం, గది తిన్నగా దేవుడి దగ్గరికి వెళ్ళిపోతుంది. ‘తెలుసు’, ‘అనుకుంటున్నాడు’ అని క్రియల్లో చెప్పండి. తెలుగు క్రియల దగ్గర తేటగా ఉంటుంది, నామవాచకాల దగ్గర బరువెక్కుతుంది. పారిభాషిక పదం తప్పనప్పుడు ఇంగ్లీషు మాటే తెలుగు లిపిలో ఉంచేసి, కింద ఒక వాక్యం వివరణ రాయండి.

దేవుడు, కులం, రాజకీయం. ఈ మూడూ నిషేధం అని బోర్డు పెట్టేవాళ్ళున్నారు. అలా చేస్తే మిగిలేది క్విజ్ క్లబ్బు. నిషేధించకండి, కాకపోతే పాఠ్యం లేకుండా మొదలుపెట్టకండి. ‘కులం గురించి చర్చ’ అంటే రెండు విద్యార్థి సంఘాల మధ్య పంచాయితీ అవుతుంది. అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ లోంచి నాలుగు పేజీలు తీసుకుని, కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అన్న వాదన నిలుస్తుందా, దానికి ఆయన చూపిన కారణాలేవి అంటే అది ఫిలాసఫీ అవుతుంది. అన్నట్టు, ఆ పుస్తకం ఒక సంఘం నిర్వాకం వల్ల పుట్టింది. 1936లో లాహోర్ సంఘం ఒకటి ఆయన్ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది, ముందే రాసి పంపిన ప్రసంగం చూసి మార్పులు అడిగింది, ఆయన ఒక్క మాట కూడా మార్చనన్నారు, సభ రద్దయింది, ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. వక్త దగ్గర పేపర్ ముందే తెప్పించుకోవడం మంచి అలవాటే. దిద్దడానికి కాకుండా, మీవాళ్ళు చదివి ప్రశ్నలు సిద్ధం చేసుకోవడానికి.

ఎన్నికల సీజన్లో ఏ విద్యార్థి సంఘం బ్యానరూ మీ గదిలోకి రానివ్వకండి. ‘స్పాన్సర్ చేస్తాం అన్నా’ అంటూ వస్తారు. వాళ్ళ మనుషులు వ్యక్తులుగా వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. ఆ గీత ఒకసారి చెరిగితే గది ఇవ్వడానికి కూడా ఆఫీసు వెనకాడుతుంది.

సివిల్స్ వాళ్ళ గురించి. మెయిన్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ అంటే రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. వాళ్ళకి టైం తక్కువ, సిలబస్ ఎక్కువ. ‘ఈసారి కాంట్ కవర్ చేద్దాం’ అంటారు. ఒప్పుకుంటే రెండు నెలల్లో సొసైటీ నోట్సు పంచుకునే వాట్సాప్ గ్రూపవుతుంది, మిగతావాళ్ళు జారుకుంటారు. అలాగని వాళ్ళని దూరం పెట్టకండి, గదిలో న్యాయం, బౌద్ధం, డెకార్ట్ అన్నీ కొంతైనా చదివింది వాళ్ళే. ప్రారంభించే బాధ్యత వాళ్ళకే ఎక్కువ ఇవ్వండి, ఒక్క షరతుతో: కోచింగ్ నోట్సు కాదు, మూలపాఠం. జవాబులు రాసి దిద్దుకునే గ్రూపు కావాలంటే వేరే రోజు పెట్టుకోమనండి.

డిపార్ట్‌మెంట్ లేకపోవడం మేలు అన్నాను కదా. డిపార్ట్‌మెంట్ ఉన్నచోట సొసైటీ మెల్లగా సెమినార్ కమిటీ అయిపోతుంది. మాస్టారు కూర్చుంటే ఆయన ఏమంటారోనని విద్యార్థి ఆగిపోతాడు. ఇంటర్నల్ మార్కుల భయం కూడా ఉంటుంది. మీకా బాధ లేదు. నష్టం ఏమిటంటే, పాఠ్యం ఎంపికలో తప్పు జరిగితే చెప్పేవాళ్ళుండరు. మీకు దగ్గరలో ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ ఏది ఉంటే దాన్ని పట్టుకోండి: హైదరాబాద్‌లో ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా. అక్కడి రీసెర్చ్ స్కాలర్ ఒకరికి సెమిస్టర్ మొదట్లో మీ పాఠ్యాల జాబితా పంపి ‘ఇందులో ఏది తీసేయాలి’ అని అడగండి. ‘ఏం చదవాలి’ అని అడిగితే ముప్ఫై పుస్తకాల పేర్లొస్తాయి, ఒక్కటీ పనికిరాదు.

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను. డీన్, స్టూడెంట్ అఫైర్స్‌కి ఒక పేజీ అర్జీ: పేరు, ఉద్దేశం రెండు వాక్యాలు, ఫ్యాకల్టీ అడ్వైజర్ సంతకం, ముగ్గురు బాధ్యుల పేర్లు, గది అవసరం ఏ రోజు ఏ టైం. ఫ్యాకల్టీ అడ్వైజర్‌గా ఏ డిపార్ట్‌మెంట్ వాళ్ళైనా సరే, సంతకానికి దొరికేవాళ్ళు అయితే చాలు. గది సెమిస్టర్ మొత్తానికి ఒకేసారి బుక్ చేయించండి. ప్రతిసారీ అర్జీ పెడితే మూడోసారికి తాళం ఎవరి దగ్గరుందో తెలీక మెట్ల మీద కూర్చుంటారు. టైం సాయంత్రం 5:30 నుంచి 6:45 బాగుంటుంది. ల్యాబులు అయిపోతాయి, మెస్ మొదలవదు, బస్సు పట్టుకోవాల్సిన డే స్కాలర్లు, హాస్టల్ టైమింగ్ ఉన్న అమ్మాయిలు ఇబ్బంది పడరు. రాత్రి ఎనిమిదికి పెట్టి ‘అమ్మాయిలు రావట్లేదు’ అనే సొసైటీల తప్పు గడియారంలోనే ఉంది.

డబ్బు: పదిహేను కాపీలు, ఒక్కోటి నాలుగు సైడ్లు, అరవై సైడ్ల జిరాక్స్. మీ క్యాంపస్ రేటుని బట్టి 60 నుంచి 120 రూపాయలు. టీ మనిషికి పది లెక్కన 150. అంటే మీటింగ్‌కి 300 లోపు, ఏడాదికి ఎనిమిది మీటింగ్‌లైతే 2,400. సభ్యత్వ రుసుము వద్దు, డబ్బా ఒకటి తిప్పండి. లెక్క మినిట్స్ పుస్తకం, అంటే మీటింగ్ విశేషాలు రాసుకునే పుస్తకం, వెనక పేజీల్లో రాయండి. ఢిల్లీలో భారతీయ తత్త్వ పరిశోధన మండలి, అదే ఐసీపీఆర్, ఉపన్యాసాలకీ, ప్రపంచ తత్త్వశాస్త్ర దినోత్సవానికీ సంస్థలకి సాయం చేస్తుంది. అర్జీ యూనివర్సిటీ ద్వారా వెళ్ళాలి, విద్యార్థులు నేరుగా కాదు. వస్తే మంచిదే, దాన్ని నమ్ముకుని మాత్రం వక్తకి మాటివ్వకండి. ఆ దినోత్సవం ఏటా నవంబరు మూడో గురువారం. ఏడాదిలో ఒక బహిరంగ సభ పెట్టాలనుకుంటే ఆ రోజు పెట్టుకోండి, శాలువాలు కూడా ఆ రోజే కప్పుకోండి.

ఏడాదికి ఎనిమిది మీటింగ్‌లే ఎందుకంటే, ఒక్కో సెమిస్టర్‌లో మొదటి రెండు వారాలు, మిడ్స్ వారాలు, దసరా లేదా సంక్రాంతి, చివరి మూడు వారాలు తీసేస్తే, వారం విడిచి వారం లెక్కన నాలుగుకి మించి మిగలవు. పన్నెండు ప్రకటించి నాలుగు రద్దు చేస్తే, రద్దయినవే గుర్తుంటాయి.

మినిట్స్ పుస్తకం, లాంగ్ నోట్‌బుక్కే. తేదీ, పాఠ్యం, ఎవరు ప్రారంభించారు, ఎంతమంది, వచ్చిన ముఖ్యమైన వాదనలు మూడు, తేలకుండా మిగిలిన ప్రశ్న ఒకటి. గది వదిలే ముందే రాసి, చదివి వినిపించాలి. రేపు రాద్దాం అంటే రాయరు. 1946 అక్టోబరు 25న కేంబ్రిడ్జి క్లబ్బులో కార్ల్ పాపర్ అనే ఇంకో తత్త్వవేత్త అతిథిగా వచ్చినప్పుడు విట్‌గెన్‌స్టైన్ చేతిలో పొయ్యి కెలికే ఇనుప చువ్వ ఉందని అందరూ ఒప్పుకుంటారు గానీ, దాంతో ఏం చేశాడు, ఎప్పుడు లేచి వెళ్ళాడు అన్నది అక్కడున్నవాళ్ళే తలా ఒక రకంగా చెప్పారు. ఉన్నదంతా తత్త్వవేత్తలే. ఇక మన జ్ఞాపకాల సంగతి చెప్పాలా? మీకు ఆ పుస్తకం వల్ల అసలు ఉపయోగం వేరే ఉంది: తేలకుండా మిగిలిన ప్రశ్నే తర్వాతి మీటింగ్ పోస్టర్.

సొసైటీలు చచ్చిపోయేది మే నెలలో. పీజీ రెండేళ్ళే, అందులో మొదటి సెమిస్టర్ సర్దుకోవడానికే సరిపోతుంది. ఫైనలియర్ వాళ్ళు సెండాఫ్ రోజున బాధ్యత అప్పగిస్తే తీసుకున్నవాడికి ఏమీ తెలీదు, ఆగస్టుకి మర్చిపోతాడు. ఫిబ్రవరి మొదట్లోనే కొత్త బాధ్యుల్ని ఎంచుకుని, మిగిలిన మూడు నాలుగు మీటింగ్‌లు వాళ్ళ చేత నడిపించండి, పాతవాళ్ళు వెనక బెంచీలో కూర్చోండి. అప్పగించాల్సినవి: మినిట్స్ పుస్తకం, డీన్ అనుమతి కాపీ, పాఠ్యాల ఫోల్డర్, సొసైటీ పేరు మీద ఉన్న మెయిల్ ఐడీ. ఆ మెయిల్‌కి రికవరీ నంబర్‌గా ఎవరి సొంత ఫోన్ నంబర్ ఉందో చూడండి. ఆ మనిషి బెంగళూరులో ఉద్యోగంలో చేరి సిమ్ మార్చాక ఫోల్డర్ తలుపు మూసుకుపోయిన సొసైటీలు చాలా ఉన్నాయి.

చివరగా సర్టిఫికెట్. ఇవ్వకండి. ఇస్తే హాజరు పట్టీ కావాలి, పట్టీ ఉంటే సంతకం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళుంటారు, వాళ్ళని పట్టుకోవడం మీ పని అవుతుంది. అడిగినవాళ్ళకి వేరే దారి చూపండి: మూడుసార్లు ప్రారంభ ప్రసంగం రాసి చదివినవాళ్ళకి, ఆ మూడు కాగితాల శీర్షికలతో ఫ్యాకల్టీ అడ్వైజర్ సంతకం పెట్టిన ఒక లేఖ. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఎవరైనా ఆ లేఖ చూసి ‘ఈ పేపర్లో ఏమన్నావు?’ అని అడిగితే, చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.